భివండిలో నా ముంజేతి నెమలి

భివండి చూసొస్తానని ఎవరూ బయలుదేరరు. అక్కడ బట్ట నేస్తారు, బట్ట అమ్ముతారు, బట్ట మోస్తారు. ఈ మూడింట్లో ఏదీ రానివాడికి ఆ ఊళ్ళో పనిలేదు. నేను మాత్రం అక్కడి జనం నెత్తులు చూడ్డానికి వెళ్ళాను.

నేను హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో కెమిస్టుని. మేం చేసేది తలకు వేసుకునే నల్లరంగు పొడి, చిన్న చిన్న పాకెట్లలో. నీళ్ళలో కలిపి రాసుకుంటే పావుగంటలో నలుపు. ఆ పావుగంట నాది. అంతకుముందు మా రంగు ఎక్కడానికి ముప్పావుగంట పట్టేది. నానా తంటాలు పడి దాన్ని తగ్గించాను. అప్పట్నించి బంధువులకీ, స్నేహితులకీ, బస్సులో పక్కసీటు వాడికీ దాని గురించే చెప్పుకుంటూ వచ్చాను. మా ఆవిడ చివరికి ఇంట్లో పావుగంట అన్న మాటే ఎత్తొద్దంది. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేయడం మంచిది. నాకు బట్టతల. ముప్పై దాటేసరికే మొత్తం ఖాళీ అయింది కనక నా రంగు నేను వాడి చూసుకునే భాగ్యం ఎప్పుడూ కలగలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా పాకెట్లు మిగతా చోట్ల కదలడం మానేసి, ఒక్క భివండిలో మాత్రం విపరీతంగా అమ్ముడుపోవడం మొదలైంది. అక్కడి మగ్గాల దుమ్ముకి జనం తొందరగా నెరిసిపోతున్నారని మా ఓనరు అభిప్రాయం. ఇదంతా నా పావుగంట మహిమ అని నా అభిప్రాయం. ఓనరు నన్ను పోయి చూసి రమ్మన్నాడు. మా ఆవిడ పెదనాన్న కొడుకు రాజేశం బావ సిరిసిల్ల నుంచి ఎప్పుడో పోయి అక్కడ స్థిరపడ్డాడు. వాళ్ళమ్మాయి సరిత పెళ్ళి కూడా ఆ వారంలోనే. పిల్లల పరీక్షలని మా ఆవిడ ఆగిపోయింది. కంపెనీ ఖర్చుతో పెళ్ళికి పోతున్నందుకు నా తెలివికి నేనే మురిసిపోయాను.

రైల్లో

నాకు మనుషుల మొహాలు గుర్తుండవు, జుట్టు గుర్తుంటుంది. ఎదుటి సీట్లో షోలాపూర్ పోయే దుప్పట్ల వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. మంచివాడు, తన డబ్బాలోంచి వేరుశనగ చట్నీ, జొన్నరొట్టె తీసి పెట్టాడు. తింటూ ఆయన చెవుల దగ్గర చూస్తే రంగు చర్మానికి అంటుకుని ఉంది. వృత్తిధర్మం ఊరుకోనిచ్చిందా! మీరు వాడేది ఫలానా కంపెనీదేనా, కడిగేటప్పుడు చెవి వెనక కాస్త నూనె రాయండి అని సలహా ఇచ్చాను. ఆయన డబ్బా మూతపెట్టి పైబెర్తు ఎక్కి, షోలాపూర్ వచ్చేదాకా దిగలేదు. రొట్టె ఇంకొకటి మిగిలే ఉండింది.

కల్యాణ్ దిగి కనేరికి

కల్యాణ్‌లో దిగి వడాపావు తిన్నాను, మూడు రూపాయలు. మనం మిరపకాయ బజ్జీని వట్టిగా తింటాం. వాళ్ళు ఆలుగడ్డ బోండాను బన్నులో ఇరికించి, పక్కన వేయించిన పచ్చిమిరపకాయ ఒకటి ఇస్తారు. కొంచెం కొంచెంగా కొరుక్కోవాలట. నేను ఒక్కసారే నోట్లో వేసుకున్నాను. ఆటోలో, భివండిలో బావ వాళ్ళుండే కనేరి చేరేదాకా కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు. రాజేశం బావ భార్య లచ్చక్క గుమ్మంలోనే చూసి, ఇన్నేళ్ళకు అయినవాళ్ళను చూసి నాకు దుఃఖం ఆగడం లేదనుకుంది. "ఏడ్వకు తమ్మీ" అంటూ తనూ ఏడ్చింది. మిరపకాయ అని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

కనేరి చెవికి తెలిసే ఊరు. మరమగ్గాలను మనవాళ్ళు అక్కడ కూడా సాంచలనే అంటారు. గల్లీలో ప్రతి గోడ వెనకా సాంచలే. బావ ఇంట్లో ముందొక గది, దాని వెనక నాలుగు సాంచల షెడ్డు. గాలా అంటారు దాన్ని. అవి నడుస్తున్నంతసేపూ గ్లాసులో నీళ్ళు వణుకుతూనే ఉంటాయి. ఇద్దరు పనివాళ్ళతో పాటు బావ కూడా ఒక సాంచ నడుపుతాడు. లచ్చక్క, సరిత ముందుగదిలో చిన్న మోటారు దగ్గర కూర్చుని కండెలు చుడతారు. సాంచలో పడుగు మధ్య అటూ ఇటూ ఉరికే నాడెలో పెట్టే నూలు చుట్ట కండె. అది అయిపోతే నేత ఆగిపోతుంది. మా ఇళ్ళల్లో పెళ్ళికూతురంటే నెలముందు నుంచే గ్లాసు కూడా ఎత్తనివ్వరు. ఇక్కడ పెళ్ళికూతురు నాకు చాయ్ ఇచ్చి, కుశలం అడిగి, మళ్ళీ మోటారు దగ్గర కూర్చుంది. సరిత మరాఠీ బళ్ళో పదోతరగతి దాకా చదివింది. మా ఇద్దరిదీ వేళాకోళాల వరస కాబట్టి నా గుండు మీద మొదటి మాట గంటలోపే పడింది.

సాయంత్రం గల్లీలో నెత్తుల తనిఖీకి బయలుదేరాను. బావది తెల్లని తల. ఎదురింటాయనది ఇంకా తెలుపు. చాయ్ కొట్టు దగ్గర అరడజను మంది ముసలివాళ్ళు కూర్చుంటే ఒక్కడికీ రంగు లేదు. సగం గ్లాసు కటింగ్ చాయ్ తాగుతూ గంటసేపు చూశాను. మరి ఇన్ని పాకెట్లు ఎవడి నెత్తికి పోతున్నట్టు?

మార్తమ్మ దుకాణం

మర్నాడు సరితనే అడిగితే గల్లీ చివర మార్తమ్మ దుకాణానికి తీసుకుపోయింది. మార్తమ్మ నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన మనిషి. గాజులు, రిబ్బన్లు, పౌడర్లు అమ్ముతుంది, గల్లీలో ఏ పెళ్ళయినా మైదాకు పెడుతుంది. గోరింటాకుకి మా వైపు మాట అదే. తలుపు పక్కన మా పాకెట్లు తోరణంలా వేలాడుతుంటే నా ఛాతీ ఉప్పొంగింది. సరిత నా సంగతి చెప్పగానే, దీన్ని కనిపెట్టిన సారే నువ్వా అని ఆమె స్టూలు తుడిచి వేసింది. ఉన్న ఐదారుగురు ఆడవాళ్ళ ముందు నేను నెరిసిన జుట్టు, దాని కారణాలు అన్న అంశం మీద ప్రసంగం ఎత్తుకున్నాను. వాళ్ళల్లో ఒక్కరికీ ఒక్క తెల్లవెంట్రుక లేదని సగంలో గమనించాను.

నేను మాట్లాడుతుండగానే మార్తమ్మ గిన్నెలో మైదాకు పొడి పోసి, మా పాకెట్లు మూడు చింపి అందులో కలిపింది. నీళ్ళు పోసి కలిపి, గొట్టంలో నింపి, ఒక పిల్ల అరచేతిలో తీగ గీయడం మొదలుపెట్టింది. 

"చాయ్ తాగెలోపు నల్లగైతది సారూ" అని ఆమె నాకే చెప్పింది, సంబరంగా.

ఏం చెప్పను! ఆ నలుపుకి మూలమైన మందు వెంట్రుక కోసం చేసింది. వెంట్రుకకు ప్రాణం లేదు, చర్మానికి ఉంది. తలకు రాసేటప్పుడే రెండు రోజుల ముందు చెవి వెనక కొంచెం రాసి చూసుకోమంటాం. ఒకసారి ఎవరికైనా పడకపోతే ఇక వాళ్ళు జన్మలో దాన్ని ముట్టుకోకూడదు, ఎందుకంటే రెండోసారి ఇంకా గట్టిగా పొక్కుతుంది. పైగా నా పావుగంట కోసం ఆ మందు పాలు నేనే పెంచాను. తలకు సరిపడా అని లెక్కవేసి పెంచాను. ఆ తలకొక్కటిగా చేసినవి ఇక్కడ గిన్నెకు మూడు పడుతున్నాయి. ఈ సంగతంతా చెప్పాను. సరిత ఒక పాకెట్ తెంపి వెనక్కి తిప్పి హిందీలో ఉన్నది చదివింది. కళ్ళకు తగలనీయకండి, కనుబొమ్మలకు రాయకండి.

"హాథ్ కా తో లిఖాచ్ నహీ, మామా. చేతుల ముచ్చటే లేదు" అంది.

నిజమే, లేదు. ఆ హెచ్చరిక రాసినవాణ్ణి నేనే. చేతికి పెట్టుకుంటారని నాకు తోచలేదు. పాకెట్ మీద నల్లజడ అమ్మాయి బొమ్మ పోగా మిగిలిన చోటు కూడా ఆ రెండు మాటలకే సరిపోయింది. ఇంటికొచ్చాక ఓనరుతో పోట్లాడి అరచెయ్యి బొమ్మ, దానిమీద అడ్డగీత వేయించాను గానీ ఆ రోజు దుకాణంలో నా దగ్గర ఉన్నది నా గొంతు ఒక్కటే. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

అప్పుడు చూశాను సరిత వేళ్ళ సందులు. అక్కడ చర్మం కమిలి, మచ్చలు కట్టి ఉంది. అడిగితే, మొన్నామధ్య స్నేహితురాలి పెళ్ళికి మైదాకు పెట్టించుకుందట. తర్వాత దురద, సన్నటి పొక్కులు, వారంరోజులు కండె పట్టుకోలేకపోయింది. నూలుకు పెట్టిన గంజి పడలేదని లచ్చక్క అంది, వేడిచేసిందని మార్తమ్మ అంది. సరితకు మళ్ళీ ఇదే నల్లమైదాకు పెళ్ళి ముందురోజు రెండు చేతులకూ మోచేతులదాకా పెడతారు.  ఈ పిల్ల బతుకు ఆ చేతులమీదే ఉంది. ఇక్కడా అంతే, రేపు అత్తగారింట్లో అయినా అంతే.

పెట్టుకోవద్దు, మామూలు ఎర్రమైదాకు పెట్టుకో అన్నాను. అంత టైము ఎక్కడుంది అంది. ఆకుమైదాకు పండాలంటే పూటంతా చేతులు కదపకుండా కూర్చోవాలి. భివండిలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో చెప్పేవాడు లేడు. వచ్చిందంటే గల్లీలో పిల్లలు లైట్ ఆలీ అని కేకేస్తారు. అన్నం ముందు కూర్చున్నవాళ్ళు కూడా చెయ్యి కడుక్కుని లేచి ఉరుకుతారు. కరెంటు ఉండగా సాంచ ఆగిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. సాంచకెక్కించిన బీము, అంటే పడుగు నూలు చుట్టిన దిమ్మె, పెళ్ళిలోపు నేసి దింపాలి, నూలిచ్చిన సేటుకు మాట ఇచ్చారు. చేతులు తడిగా పెట్టుకుని కూర్చుంటే కండెలు ఎవరు చుట్టాలి? అందుకే ఈ గల్లీ మొత్తం మీద మైదాకు నల్లబడింది. ముప్పావుగంటను పావుగంట చేసినవాణ్ణి, ఆ పావుగంట ఎవరికి అంత అవసరమో మొదటిసారి తెలుసుకున్నాను.

నేను వదలకపోయేసరికి సరితకు విసుగొచ్చింది. "పడదు పడదు అంటున్నవ్ గద. ముందుగాల నీ చేతికి పెట్టుకో. నీకు పొక్కితె నేను పెట్టుకోను. నీకేం కాకుంటె నువ్వు ఊకోవాలె."

నా చేతికీ నీ చేతికీ సంబంధం లేదు, నాకు పడినంతమాత్రాన నీకు పడుతుందని కాదు అని చెప్పబోయాను. అప్పటికే మార్తమ్మ నా చొక్కాచెయ్యి పైకి మడిచేసింది. ఏదో చుక్క పెడుతుందనుకుంటే, ముంజేతి నిండా పురివిప్పిన నెమలిని గీసింది. ఆడవాళ్ళు ముక్కు బావుందని మెచ్చుకున్నారు.

మాన్కోలిలో నెమలి

ఇంటికి నడుస్తుంటే గానీ నేను ఇరుక్కున్న సంగతి అర్థం కాలేదు. ఇన్నేళ్ళుగా నేను రంగు రాసిన ప్రతిచోటా పొక్కకూడదనే మొక్కుకున్నాను. ఇప్పుడు నా చెయ్యి పొక్కాలి. పొక్కకపోతే, నా మందు బంగారంలాంటిదని రుజువయితే, ఆ పిల్ల చేతులు పోతాయి. నా సరుకు చెడ్డదని తేలాలని నేను దేవుణ్ణి వేడుకోవాల్సిన రోజు వస్తుందనుకోలేదు. అంతలోనే ఒక మూల, పొక్కకపోతే మంచి మందే కదా అని గర్వం కూడా వేసింది. అలాంటి మనిషిని నేను.

మర్నాడు బావ నన్ను మాన్కోలి తీసుకుపోయాడు. అక్కడంతా గోదాములు. లారీలు వరసకట్టి ఉంటాయి, హమాలీలు మూటలు దింపుతూ ఉంటారు. పెళ్ళికొడుకు శ్రీనివాస్ అక్కడ ఒక గోదాములో పనిచేస్తాడు, నాగావ్‌లో ఉంటారు. నెమ్మదస్తుడు. పొడుగుచేతుల చొక్కాలు ఉతకడానికి వేసి ఉండటంతో నేను పొట్టిచేతులది వేసుకున్నాను. చేతులు కలిపినప్పుడు అతని చూపు నెమలి మీద పడింది, మళ్ళీ నా గుండు మీదికి పోయింది, మళ్ళీ నెమలి దగ్గరకొచ్చింది. హైదరాబాదులో మగవాళ్ళు ఇలాగే పెట్టుకుంటారు కాబోలనుకున్నట్టున్నాడు. మొలకల కూరతో బన్ను, మిసల్ పావ్ పెట్టించాడు, తీరుగా ఉంది. తింటున్నంతసేపూ నేను చెయ్యి చూసుకుంటూనే ఉన్నాను. ఎర్రగా ఒక్క చుక్క లేదు. నెమలి నిగనిగలాడుతోంది.

సాయంత్రానికి కూడా ఏమీ లేదు. సరిత వచ్చి చూసి నవ్వి పోయింది. అప్పుడు నాకు ఒక నీచమైన ఆలోచన వచ్చింది. చెయ్యి రాయితో రుద్దుకుంటే ఎర్రబడుతుంది కదా. స్నానాలగదిలోకి పోయి ఒళ్ళు రుద్దుకునే రాయి తీసుకుని నెమలి తోకమీద పెట్టాను కూడా. ఇంతలో లచ్చక్క తలుపు కొట్టి, నీళ్ళు అయిపోతాయి తొందరగా రమ్మంది. రాయి చేతిలోంచి జారి కాలిమీద పడింది. విజ్ఞానశాస్త్రానికి ఆ పూట నా వల్ల మచ్చ రాకుండా కాపాడింది లచ్చక్క. నేను కుంటుకుంటూ బయటికి వచ్చాను.

తెల్లారి

తెల్లారి లేచేసరికి చెయ్యి దురద. నెమలి కంఠం దగ్గర మొదలై తోకదాకా ఎర్రగా ఉబ్బింది. పురి ఈకల చివర చిన్న చిన్న పొక్కులు తేలాయి. పొడి మధ్య ఇన్నేళ్ళు పనిచేసి కూడా, నేను చేసిన మందు నాకే పడదని నాకు తెలియదు. అంత ఆనందం నా పెళ్ళిలో కూడా కలగలేదు. బనీను మీదే గల్లీలోకి పరిగెత్తి బావకు చూపించాను, ఎదురింటాయనకు చూపించాను, మార్తమ్మను నిద్రలేపి చూపించాను. చాయ్ కొట్టు ముసలివాళ్ళు నాకు మతిపోయిందనుకున్నారు.

సరిత మాత్రం నవ్వలేదు. నా చెయ్యి వెలుతురులోకి తిప్పి చాలాసేపు చూసింది. తన వేళ్ళ సందులు తడుముకుంది.

"నాకు గప్పుడు గిట్లనే అయింది మామా" అంది. "గంజి కాదన్నట్టు."

మార్తమ్మ పాకెట్ల తోరణం తీసి బల్లకింద పెట్టింది. అక్కడ మిగిలిన సమస్య ఒక్కటే. మర్నాడే పెళ్ళి. ఎర్రమైదాకు పెట్టుకుని సరిత పూటంతా కూర్చుంటే కండెలు ఎవరు చుట్టాలి? గల్లీ ఆడవాళ్ళందరూ మేం చుడతాం అన్నారు. నేను కూడా చుడతానన్నాను. ఎవరూ నవ్వకపోవడం చూసి నమ్మారనే అనుకున్నాను.

కండెలు

మార్తమ్మ ఎక్కడినుంచో ఆకు తెచ్చి, నూరి, సరితను గుమ్మంలో కూర్చోబెట్టి మోచేతులదాకా పెట్టింది. తెరిచిన రెండు చేతులూ దిండుమీద పెట్టుకుని కూర్చుంది పిల్ల. లచ్చక్క నాగావ్‌లో వియ్యాలవారింటికి పోయింది. అంతలో లైట్ ఆలీ అని కేక వినిపించింది. మేం చుడతాం అన్న ఆడవాళ్ళంతా ఎవరి మోటారు దగ్గరికి వాళ్ళు ఉరికారు, వాళ్ళ సాంచలు వాళ్ళకూ ఉన్నాయి మరి. మిగిలింది నేను, పొక్కులకు మందు రాసిన నా చెయ్యి.

కండె చుట్టడం చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. పోగు వేళ్ళ మధ్య సమంగా బిగువుగా పోవాలి. నా కండెలు ఒక చివర లావుగా, ఇంకో చివర బక్కగా, మధ్యలో వదులుగా తయారయ్యాయి. సరిత గుమ్మంలోంచి వేలు కదపకుండానే అరుస్తూ నేర్పింది. పోగు తెగడం, ముడి వేయడం, దురద పెడితే గోక్కోవడం, మళ్ళీ పోగు తెగడం. లోపల నాడెలో నా కండె ఒకటి విప్పుకుని గుట్టగా చిక్కుబడి ఒక సాంచ ఆగింది. పనివాడు దాన్ని తీసుకొచ్చి నా ముందు పెట్టి పోయాడు. రెండోది ఆగింది. సరిత ముఖం చిన్నబోయింది, లేవబోయింది. కూర్చో అన్నాను. పొద్దున్నించి ఏమీ తినలేదని దాని ముఖమే చెబుతోంది, తినడానికి చేతులు లేవు. నాకు కండెలు వదిలి లేచే ధైర్యం లేదు. మూడోది ఆగింది. ఆ తర్వాత చివరిది కూడా ఆగింది.

గ్లాసులో నీళ్ళు కదలడం మానేశాయి. పక్క గాలాలన్నీ మోగుతుండగా మా గోడ ఒక్కటే నిశ్శబ్దంగా ఉంది. రాజేశం బావ బయటికి వచ్చాడు. నూనె చేతులు, చెమట. నా చుట్టూ ఉన్న నూలు చిక్కులు చూశాడు. నేను తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాను.

"నువ్విగ చుట్టకు బావా. చుట్టినయి సాలు" అన్నాడు.

సరిత వైపు చూశాడు, చేతుల వైపు చూశాడు. తిన్నవా అని అడిగాడు. లేదని తలాడించింది. బావ నల్లా దగ్గరికి పోయి సబ్బుతో మోచేతులదాకా కడుక్కున్నాడు. పళ్ళెంలో అన్నం, పప్పు వేసుకొచ్చి గుమ్మంలో కూతురి ఎదురుగా గొంతుక్కూర్చుని ముద్ద కలిపాడు. ఆమె నోరు తెరవలేదు. లోపలి సాంచల వైపు చూసింది, తండ్రి వైపు చూసింది.

"బాపూ, కరెంటున్నది" అంది.

"ఉండనియ్యి" అన్నాడు బావ, ముద్ద నోటికి అందిస్తూ.